ఫుడ్ టెక్నాలజీ: సరకు మారినా కొలువు నిలిచే రంగం

విజయవాడలో పుట్టి, పుదుచ్చేరి జిప్‌మర్‌లో వైద్యం చదివి, అమెరికాలో గుండె వైద్యుడిగా పనిచేసిన ఉమా వలేటి 2015లో ఇతరులతో కలిసి ఓ అంకుర సంస్థ పెట్టారు. కోడిని కోయకుండా, దాని కణాలను ట్యాంకుల్లో పెంచి మాంసం తయారుచేయడం దాని పని. ఆ సంస్థే నేటి అప్‌సైడ్ ఫుడ్స్. దాని కోడిమాంసం భద్రతపై అభ్యంతరం లేదని 2022 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. 2023 జూన్‌లో ఆ దేశ వ్యవసాయ శాఖ అమ్మకానికి అనుమతించింది. మరుసటి ఏడాదే ఫ్లోరిడా, అలబామా రాష్ట్రాలు ఈ తరహా మాంసాన్ని నిషేధించాయి.

ఏ కొత్త ఆహారం నిలుస్తుందో, ఏది ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. సురక్షితంగా, ఒకే నాణ్యతతో, టన్నుల కొద్దీ తయారుచేయడం తెలిసినవారు మాత్రం ప్రతి కంపెనీకీ కావాలి. కెరీర్‌ను ఆ నైపుణ్యంపై కట్టుకోవాలి.

అవకాశాలు ఎక్కడ?

ఫెర్మెంటేషన్: ఇంపాజిబుల్ ఫుడ్స్ శాకాహార బర్గర్‌కు మాంసపు రుచినిచ్చే హీమ్ ప్రొటీన్‌ను ఈస్ట్‌తో తయారుచేస్తుంది. ఇడ్లీపిండి పులియడానికి వెచ్చదనం కుదరాల్సినట్టే, ఇక్కడ ఉష్ణోగ్రత, ఆక్సిజన్, పీహెచ్ గంటగంటకూ అదుపులో ఉండాలి. బయోటెక్నాలజీ, కెమికల్ ఇంజినీరింగ్ వారికి ఇది అనువైన చోటు.

ప్రాసెసింగ్: పండ్లరసాలను మరిగించకుండా, సుమారు 6,000 బార్ల పీడనంతో సూక్ష్మజీవులను చంపే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇందుకు వాడే యంత్రాలు నడపడానికి మెకానికల్ ఇంజినీర్లు కావాలి.

భద్రత: అమెరికాలో 2011 నాటి ఆహార భద్రత ఆధునికీకరణ చట్టం ప్రకారం చాలా ప్లాంట్లలో భద్రతా ప్రణాళికను అర్హత పొందిన నిపుణులు, అంటే పీసీక్యూఐలు, రూపొందించాలి. కొద్దిరోజుల శిక్షణతో ఈ అర్హత సాధించవచ్చు. మైక్రోబయాలజీ వారికి ఇది మంచి ప్రవేశద్వారం.

డేటా: ఆకుకూరలు, గుడ్లు వంటివి ఏ దారిలో వచ్చాయో అడిగిన 24 గంటల్లో రికార్డులు చూపాలన్న ఎఫ్‌డీఏ నిబంధనకు కంపెనీలు సిద్ధమవుతున్నాయి. కంప్యూటర్ సైన్స్ వారికి ఇక్కడ పని ఉంది.

ఏం చదవాలి?

ఇంటర్ ఎంపీసీ తర్వాత బాపట్ల, పులివెందుల, రుద్రూరు కళాశాలల్లోనో, ఉస్మానియా టెక్నాలజీ కళాశాలలోనో ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ చేయవచ్చు. అమెరికాలో ఎంఎస్‌కు యూసీ డేవిస్, కార్నెల్, పర్డ్యూ, రట్జర్స్ పేరున్నవి. వేరే డిగ్రీ చేసినవారిని కొన్ని ప్రాథమిక కోర్సులు అదనంగా చదవమంటారు. ఫుడ్ సైన్స్ స్టెమ్ జాబితాలో ఉంది కాబట్టి, ప్రస్తుత నిబంధనల ప్రకారం చదువయ్యాక అక్కడ పనిచేసేందుకిచ్చే 12 నెలల అనుమతికి (ఓపీటీ) మరో 24 నెలలు కలుస్తాయి.

ముందే తెలుసుకోండి

ప్లాంట్లు చాలావరకు చిన్న ఊళ్లలో ఉంటాయి. క్వాలిటీ విభాగంలో రాత్రి షిఫ్టులు, చలిగదులు తప్పవు. అయినా మొదటి ఉద్యోగం అక్కడే దొరికితే వదులుకోకండి. తయారీలో తప్పు ఎక్కడ మొదలవుతుందో ఆ విభాగంలో తెలిసినంతగా మరెక్కడా తెలియదు. చదువుతుండగానే ఆహార భద్రతా పద్ధతి హెచ్ఏసీసీపీలో సర్టిఫికెట్, ఒక్క వేసవి ఇంటర్న్‌షిప్ పూర్తిచేస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సొంత అనుభవం ఉంటుంది.