బిన్ను ఇచ్చి వచ్చేశారా?

వార్డు సచివాలయాల్లో పారిశుద్ధ్యం చూసే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఇంటింటా కంపోస్టు చేయించమని పైనుంచి టార్గెట్ వచ్చిందట, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమంటారు. మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. వాళ్లకు నోటితో చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. బిన్నులు పంచడం ఒక్క పూట పని

ఎమ్మెల్యే గారు వస్తారు, ఫొటో తీస్తారు, ఆకుపచ్చ డబ్బాలు చేతికిస్తారు. స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కుల నెలల్లో ఈ హడావిడి మరీ ఎక్కువ. తర్వాత ఆ డబ్బాలు ఏమయ్యాయో చూడాలంటే చెప్పకుండా వెళ్లాలి. నేను అలా వెళ్లిన ఒక వీధిలో ఒకావిడ అందులో ఉల్లిపాయలు పోసుకుంది. ‘చుట్టూ చిల్లులున్నాయి కదండీ, గాలి బాగా ఆడుతోంది, ఒక్కటీ కుళ్లలేదు’ అంది సంతోషంగా. ఆవిడను ఏమనగలం? డబ్బా ఇచ్చినవాళ్లు దేనికిచ్చారో చెప్పలేదు. చెప్పినా, స్టేజీ మీద మైకులో చెప్పారు.

2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో ఇంటి కంపోస్టును ప్రోత్సహించడం స్థానిక సంస్థల బాధ్యతేనని రాశారు. ప్రోత్సాహం అంటే ప్లాస్టిక్ డబ్బా కొనడమేనని మనవాళ్లు అర్థం చేసుకున్నారు. కొనుగోలుకైతే బిల్లు ఉంటుంది మరి.

2. పదో రోజుకు మళ్లీ వెళ్లండి

మొదటి వారం అందరికీ ఉత్సాహమే. పది రోజులయ్యేసరికి డబ్బా మూత తీస్తే వాసన, లోపల లుకలుకలాడుతూ తెల్లటి పురుగులు. అత్తగారు ‘ఈ కంపు ఇంట్లో ఏమిటే’ అంటుంది. మర్నాడు పొద్దున్నే అంతా చెత్తబండిలో పడుతుంది. సరిగ్గా ఆ రోజున వాళ్ల గుమ్మంలో మన మనిషి ఉండాలి. మెప్మా పొదుపు సంఘాల మహిళలకు కాస్త శిక్షణ, ఇంటికింత అని ఇచ్చి తిప్పితే, ఆఫీసరు వెళ్లినదానికంటే మేలు. వాళ్లయితే నేరుగా వంటింట్లోకి వెళ్లగలరు.

వెళ్లినవాళ్లు ఉపన్యాసం ఇవ్వకుండా డబ్బాలో చెయ్యి పెట్టాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున చెమ్మ కనబడాలి గానీ నీళ్లు ధార కట్టకూడదు. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే లోపలికి గాలి ఆడటం లేదు: పొడి సరుకు, అంటే ఎండుటాకులో పొట్టో వేసి, కర్రతో అడుగు నుంచి కలియబెట్టాలి. ముక్కు మండే ఘాటు వస్తే నత్రజని ఎక్కువైంది. దానికీ మందు ఎండుటాకులే. వాసనా లేదు, వేసినవి వేసినట్టే ఉన్నాయంటే ఎండిపోయింది. నీళ్లు చిలకరించి, పుల్లమజ్జిగో పేడనీళ్లో కాస్త పోస్తే కదులుతుంది. ఆ పురుగులు చాలాసార్లు బ్లాక్ సోల్జర్ అనే ఈగ పిల్లలు. కుట్టవు, రోగాలు మోసుకురావు, చెత్తను మనకంటే వేగంగా తినేస్తాయి. చూడ్డానికి బాగోవన్న మాట నిజమే. పైన ఒక పొర పొడి సరుకు కప్పితే కంటికి కనబడవు.

మన వంటిళ్లతో ఉన్న చిక్కు నీళ్లు. మిగిలిన చారు, సాంబారు, గంజి అందులో వంచకూడదని మొదటి రోజే చెప్పండి. అన్నం పడినా ఫరవాలేదు, నీళ్లు పిండేసి, విడదీసి వేయాలి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, ఎముకలు పక్కన పెట్టించండి.

3. పొడి సరుకు మునిసిపాలిటీయే ఇవ్వాలి

నన్నడిగితే సాయం అంటే ఇదే. డబ్బా లేకపోయినా పగిలిన కుండతోనో, చిల్లులు పొడిచిన పెయింటు బకెట్టుతోనో పని జరుగుతుంది. పొడి సరుకు లేకపోతే ఎంత ఖరీదైన బిన్నయినా కుళ్లు తొట్టే. కంపోస్టు చక్కగా మాగాలంటే నత్రజని ఒక పాలుంటే కర్బనం 25, 30 పాళ్లుండాలి. తొక్కల్లో, ఆకుకూరల కాడల్లో కర్బనం అంత ఉండదు. ఎండుటాకుల్లో, కొబ్బరి పొట్టులో, రంపపు పొట్టులో బాగా ఉంటుంది. రోజూ తడి చెత్త వేశాక అది కనబడకుండా పైన పొడిది చల్లితే చాలు, త్రాసు అక్కర్లేదు.

అపార్టుమెంటులో ఉండే మనిషికి ఎండుటాకులు ఎక్కడివి? అదే ఊళ్లో మన కార్మికులు తెల్లవారుజామున రోడ్డు మీది ఆకులు ఊడ్చి, మూలకు చేర్చి అగ్గిపుల్ల గీస్తారు. బహిరంగంగా చెత్త తగలబెట్టడం నిషేధమని ఆ 2016 నిబంధనలే చెప్పాయి. ఆ ఆకులను గోతాల్లో తొక్కించి వార్డు ఆఫీసు దగ్గర పెడితే, కావలసినవాళ్లు పట్టుకెళతారు. కోనసీమ దగ్గరి ఊళ్లకైతే కొబ్బరి పీచు మిల్లుల దగ్గర పొట్టు ఉండనే ఉంది. ఆకుల గోతాలకు టెండరు పిలవనక్కర్లేదు. అందుకేనేమో ఎవరికీ తట్టదు!

4. చోటు లేని ఇంటిని పీడించకండి

రెండు గదుల అద్దె ఇల్లు, బాల్కనీ లేదు, ఓనరు పైనే ఉంటాడు. అక్కడ బిన్ను పెట్టమనడం అన్యాయం. అలాంటి వీధులకు ఉమ్మడి ఏర్పాటు కావాలి. కేరళలో అలప్పుజ పట్టణం కథ తెలుసుకోండి. ఊరి చెత్తంతా సర్వోదయపురంలో పోసేవారు. విసిగిపోయిన అక్కడి జనం 2012లో లారీలకు అడ్డం పడ్డారు. దాంతో పట్టణం తన చెత్త తానే చూసుకోవలసి వచ్చింది. చోటున్న ఇళ్లకు సబ్సిడీ మీద పైపు కంపోస్టు, చిన్న బయోగ్యాస్ ప్లాంట్లు ఇచ్చారు. లేనివాళ్లు తెచ్చి వేయడానికి వీధుల్లో గాలాడే కంపోస్టు తొట్లు కట్టి, వాటి దగ్గర మనుషుల్ని పెట్టారు. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆ ఊరిని మెచ్చుకుంది. అడ్డం పడేవాళ్లు లేకపోతే మనకు బుద్ధి రాదా అని మాత్రం అడక్కండి, నా దగ్గర జవాబు లేదు.

5. డబ్బు మాట

పుణె కార్పొరేషన్ సోలార్, వర్మీ కంపోస్టు, వాననీటి గుంతల్లో ఏదో ఒకటి ఉన్న ఇంటికి ఆస్తి పన్నులో 5 శాతం, రెండుంటే 10 శాతం తగ్గింపు ఇస్తూ వచ్చింది. మన ఆంధ్రలో 2021లో చెత్తకు నెలనెలా వసూలు పెట్టారు, 2024లో ప్రభుత్వం మారాక తీసేశారు. ఆ వసూలు ఉన్నన్నాళ్లూ కంపోస్టు చేసే ఇంటికి అందులో సగం వదిలేస్తే బాగుండేదని నా అభిప్రాయం. ఇప్పుడు మిగిలింది ఆస్తి పన్నే. రాయితీ ఇస్తే ఏటా ఒకసారి మూత తీసి చూడాలి, లేదంటే కాగితం మీద కంపోస్టు తెగ తయారవుతుంది.

6. బండి దగ్గర జాగ్రత్త

తడి చెత్త కంపోస్టుకు ఉంచుకుని పొడి చెత్త విడిగా ఇస్తే, కార్మికుడు అన్నీ ఒకే పెట్టెలో గుమ్మరించడం ఇల్లాలు ఒక్కసారి చూసిందా, ఇక ఆ ఇంట్లో ఎవరూ వేరు చేయరు.

7. కాటా చీటీ చూడండి

‘ఎన్ని ఇళ్లు సార్’ అని అడుగుతారు, మీరు బిన్నుల సంఖ్య రాసిస్తారు. ఆ అంకెను పక్కన పెట్టండి. మన ఊళ్ల చెత్తలో దాదాపు సగం తడిదే. నిజంగా కంపోస్టు జరుగుతుంటే ఆ వార్డు బండి బరువులో తేడా కనబడి తీరాలి. డంపింగ్ యార్డు దగ్గర కాటా ఉంటే వార్డువారీగా చీటీలు దాచండి. వేసవిలో పుచ్చకాయ తొక్కలు, మామిడి టెంకలతో బండి ఎటూ బరువెక్కుతుంది. కాబట్టి ఏప్రిల్‌ను ఫిబ్రవరితో పోల్చి కంగారు పడకండి, నిరుడు ఏప్రిల్ చీటీ తీసి చూడండి. అప్పటికీ తగ్గలేదంటే రిపోర్టు పంపకుండా ఆపి, ఆ వార్డులో ఒక వీధి పట్టుకుని మూతలు తీయించండి.