గర్భిణులలో రక్తపు పోటు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

హైదరాబాదు నగరములోని ఉస్మాన్‌గంజ్ పేరు వినని గ్రామ వర్తకుడు అరుదు. అచటి టోకు అంగళ్ళలో బేర మెంత సాగినను, చివరకు చెల్లునది త్రాసు చెప్పిన మాటయే. బస్తా నిండుగా కనబడినంత మాత్రమున తూచకుండ ఎవరును కొనరు. ఇంటిలోని గర్భిణి విషయమున మాత్రము, “ముఖము కళగానే యున్నది, పరీక్ష లెందులకు?” అని కంటిచూపుతోనే తీర్పు చెప్పుచున్నాము. రక్తపు పోటు కంటికి కనబడదు. కొలిచిననే తెలియును.

ఆ బజారునకు చేరువనే, మూసీ నదికి ఆవలి యొడ్డున, పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి కలదు. కష్టమైన కాన్పులకు దూరప్రాంతముల స్త్రీలును అచటికి వచ్చుచుందురు. మూర్ఛ వచ్చిన పిమ్మట అంతదూరము పరుగెత్తుటకంటె, పోటును ముందుగా గ్రామములోనే కనుగొనుట మేలు.

వ్యాధి స్వరూపము

రక్తపు పోటును రెండు అంకెలతో చెప్పుదురు. పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని యున్నయెడల గర్భిణికి పోటు హెచ్చినట్లే. రెండింటిలో ఏ యొక్కటి పెరిగినను వైద్యునికి చూపవలెను. పై అంకె 160 గాని, క్రింది అంకె 110 గాని చేరినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తరలింపవలెను.

నూరుగురు గర్భిణులలో సుమారు ఐదుగురు మొదలు పదిమంది వరకు ఈ బాధ కలుగును. కొందరికి గర్భధారణకు ముందే పోటు ఉండును. కొందరికి 20 వారములు గడచిన పిమ్మట వచ్చును. తొలిచూలు స్త్రీలును, కవల పిల్లలను మోయువారును, వెనుకటి కాన్పులో పోటు వచ్చినవారును, మధుమేహము గాని మూత్రపిండ వ్యాధి గాని గలవారును మరింత జాగ్రత్తగా నుండవలెను.

పోటుతోపాటు మూత్రములో మాంసకృత్తులు కనబడినచో ప్రమాదము ముదురుచున్నదని గ్రహింపవలెను. మావికి రక్తము చాలక శిశువు ఎదుగుదల తగ్గును. తుదకు తల్లికి మూర్ఛలు వచ్చును. మన పెద్దలు గుర్రపు వాతమన్నది దీనినే. ఇది గాలి సోకుట కాదు. తాయెత్తు కట్టించి కూర్చున్న ప్రతి ఘడియయు తల్లిప్రాణమునకు ముప్పే.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, పై కడుపున నొప్పి, ముఖము చేతులు హఠాత్తుగా వాచుట, ఆయాసము, మూత్రము తగ్గుట — ఇవి హెచ్చరికలు. కడుపుతో నున్నవారికి నీరు పట్టుట మామూలే యని త్రోసివేయరాదు.

చికిత్స

లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా అను మందులను వైద్యులు గర్భిణులకు ఇచ్చుచున్నారు. ఇంటిలో పెద్దలు వాడు పోటు మాత్రలను గర్భిణికి ఇయ్యరాదు. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి గర్భస్థ శిశువునకు హాని చేయును. మూర్ఛల నివారణకు మెగ్నీషియం సల్ఫేట్ సూదిమందు శ్రేష్ఠమైనది. 33 దేశములలో పదివేలమందికి పైగా స్త్రీలపై జరిగి 2002లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఈ మందు మూర్ఛల ప్రమాదమును సగమునకు పైగా తగ్గించినట్లు తేలినది. పెద్దాసుపత్రికి పంపుటకు ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో దీని మొదటి మోతాదు ఇయ్యవచ్చును.

కాన్పు తరువాత

బిడ్డ పుట్టినది, గండము గడచినది అనుకొనుట పొరపాటు. పోటు సాధారణముగా కాన్పయిన మూడవ దినము మొదలు ఆరవ దినము లోపల మిక్కిలి హెచ్చును. అప్పటికి పెక్కుమంది తల్లులు ఇల్లు చేరియుందురు. గర్భిణిగా నున్నప్పుడు పోటు లేనివారికిని బాలింతదశలో రావచ్చును. తలనొప్పి వచ్చినచో పథ్యము చెడినదనియో, నిద్ర చాలలేదనియో సరిపెట్టుకొనక పోటు చూపించవలెను. మొదటి వారమునందును, తరువాత ఆరు వారముల వరకును పరీక్షలు సాగవలెను. పాలిచ్చుచున్నానను భయముతో మందు మానరాదు. పాలిచ్చు తల్లికి తగిన మందులను వైద్యుడే నిర్ణయించును. ఒకమారు ఈ బాధ పడినవారికి ముందుముందు గుండె జబ్బు వచ్చుట కవకాశము హెచ్చు గనుక, ఏటేట పోటు చూపించుకొనవలెను.

మనలో తొలి కాన్పునకు పుట్టింటికి పోవుట ఆచారము. పోటు పెరుగు కాలమే ఊరు మారు కాలమగుచున్నది. అత్తవారి ఊరిలోని ఆశా కార్యకర్తకు ఆమె కనబడదు. పుట్టినూరి కార్యకర్తకు ఆమె సంగతి తెలియదు. ఈ నడుమనే ప్రాణములు జారిపోవుచున్నవి.

పంచాయతీ చేయవలసినవి

రాజ్యాంగపు 73వ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, స్త్రీశిశు సంక్షేమము పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. కావున సభ్యులు ఈ క్రింది పనులు చూడవలెను.

1. ఉపకేంద్రములో పోటు కొలుచు పరికరము సరిగా పనిచేయుచున్నదో లేదో నెలకొకసారి విచారింపవలెను.

2. ప్రతినెల 9వ తేదీన జరుగు ఉచిత గర్భిణీ పరీక్షలకు గర్భిణులందరు పోవునట్లు చేయవలెను.

3. పుట్టింటికి పోవు గర్భిణి తన ఆరోగ్య కార్డును వెంట తీసికొనిపోవలెను. ఆమె రాకను రెండు ఊళ్ళ కార్యకర్తలు ఒకరికొకరు తెలుపుకొనవలెను.

4. రాత్రివేళ 108 వాహనము రావలసిన త్రోవ బాగుగా నుంచవలెను.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

మన గ్రామములో ఈ నెల ఎందరు గర్భిణులకు పోటు కొలిచిరి? పుట్టింటికి వచ్చిన బాలింతలెందరు? వారిని కాన్పయిన మొదటి వారములో ఎవరు చూచిరి?

ఈ మూడు ప్రశ్నలకు సభలో లెక్కలతో సమాధానము చెప్పగల పంచాయతీ, తన ఊరి తల్లులను కాపాడుకొనుటకు పూనుకొన్నదనవచ్చును.