సంఘం వెబ్‌సైటు వెతికేవారికి ముందుగా కనిపించడం ఎలా?

(కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు ఒక పాఠం)

సరుకు మంచిదైనంత మాత్రాన చాలదు. అది ఎక్కడ దొరుకుతుందో కొనేవారికి తెలియాలి. పూర్వం ఈ పనిని సంత, దండోరా, గోడమీది రాత చేసేవి. నేడు కొనేవారు మొదట చేతిలోని ఫోనును అడుగుతున్నారు. ఫోను చూపిన మొదటి నాలుగైదు పేర్లలో మన సంఘం లేకపోతే, ఆ కొనుగోలుదారుకు సంబంధించినంతవరకు మన సంఘం లేనట్లే. అందువలన పాలు, నెయ్యి, కోవా స్వయంగా అమ్ముతూ వెబ్‌సైటు పెట్టుకున్న సంఘాల కొరకు ఈ పాఠం రాస్తున్నాము.

ఉదాహరణకు కర్నూలు జిల్లా కోసిగిని తీసుకుందాం. వానలు తప్పిన ఏడు ఈ ప్రాంతంనుండి కుటుంబాలు గుంటూరు వైపు మిరప చేలకు, బెంగుళూరు వైపు కట్టుబడి పనులకు వలసపోవడం అందరికీ తెలిసినదే. ఇంట పాడి ఎనుము ఉండి, పాలడబ్బు వేళకు అందితే, పిల్లల చదువు మధ్యలో ఆపి ఊరు విడిచే అవసరం కొన్ని ఇళ్లకైనా తప్పుతుంది. మరోవైపు ఈ ఊరు ఆదోనికీ మంత్రాలయం రోడ్డు స్టేషనుకూ నడుమ రైలు మార్గం మీద ఉన్నది. రాఘవేంద్రస్వామి దర్శనానికి వచ్చే యాత్రికులు కర్ణాటకనుండి, తెలంగాణనుండి ఏడాది పొడుగునా వస్తుంటారు. అటు కొనేవారున్నారు, ఇటు అమ్మేవారున్నారు. నడుమ దారి చూపేది ఫోను.

సెర్చ్ ఇంజను పనిచేసే విధానం

గూగుల్ వంటి సెర్చ్ ఇంజను మూడు పనులు చేస్తుంది. మొదటిది, ఒక పేజీనుండి మరొక పేజీకి లింకులను పట్టుకొని తిరుగుతూ పేజీలను చదవడం. రెండవది, చదివినదాన్ని తన పెద్ద రిజిస్టరులో ఎక్కించుకోవడం. మూడవది, ఎవరైనా అడిగినప్పుడు ఆ రిజిస్టరునుండి తగిన పేజీలను తీసి వరుసగా పేర్చడం. మొదటి రెండు పనులు జరగని పేజీకి మూడవదానిలో చోటు దొరకదు. రిజిస్టరులో పేరులేని సభ్యునికి బోనసు ఎలా రాదో, ఇదీ అంతే.

ఇక వరుస నిర్ణయించేది ఎట్లా? పాలకేంద్రంలోని పరీక్షతో పోల్చి చెబుతాము. పాలలో నీళ్లు కలిపితే ల్యాక్టోమీటరు రీడింగు తగ్గుతుంది. వెన్న తీసివేస్తే రీడింగు పెరుగుతుంది. రెండూ కలిపి చేసినవాని పాలకు రీడింగు మామూలుగానే ఉంటుంది. అందుకే ఒక్క ల్యాక్టోమీటరును నమ్మక వెన్న శాతం పరీక్ష కూడా చేస్తున్నాం. సెర్చ్ ఇంజన్ల చరిత్రా ఇటువంటిదే. మొదట్లో అవి పేజీలో మాట ఎన్నిసార్లున్నదో ప్రధానంగా చూసేవి. దానితో అమ్మేవారు ఒకే మాటను వందసార్లు రాయడం మొదలుపెట్టారు. 1998లో గూగుల్‌ను స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రెండవ పరీక్షను తెచ్చారు: ఇతర పేజీలు ఈ పేజీకి లింకు ఇచ్చి జామీను నిలబడుతున్నాయా, ఆ జామీనుదారులు ఎటువంటివారు అని చూడడం. తరువాత లింకులే అంగడి సరుకయినవి. 2011లో పాండా అనే మార్పుతో సారంలేని పేజీలను, 2012లో పెంగ్విన్ అనే మార్పుతో కల్తీ లింకులను గూగుల్ వెనక్కు నెట్టింది. కల్తీ పెరిగిన కొద్దీ పరీక్షలు పెరుగుతాయి. కనుక పరీక్షను మోసగించే ఉపాయంకంటే, పరీక్షకు నిలిచే సరుకు పెట్టడమే చవక.

చేయవలసిన పనులు

1. ఊరిపేరు స్పష్టంగా రాయండి. తెలంగాణలో నారాయణపేట జిల్లాలో కోస్గి అనే పట్టణం ఉన్నది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ రెండు ఊళ్లకు ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం కూడా చాలామంది వదిలివేస్తారు. అందుచేత ఒక్క ‘కోసిగి’ అని రాస్తే చాలదు. ‘కోసిగి, కర్నూలు జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని, పిన్‌కోడుతో సహా ప్రతి పేజీ అడుగున ఉండాలి. సంఘం పేరు, చిరునామా, ఫోను నంబరు అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండాలి.

2. కొనేవారి మాటలు వాడండి. మనం ఎనుము అంటాం, కోస్తావారు గేదె అంటారు, రాయచూరు యాత్రికుడు నెయ్యిని తుప్ప అంటాడు. ‘నాణ్యమైన పాల ఉత్పత్తులు’ అని వెతికేవారు అరుదు. ‘మంత్రాలయం దగ్గర గేదె నెయ్యి ధర’ అని వెతుకుతారు. కౌంటరు దగ్గర కొనేవారు అడిగే మాటలను ఒక వారం పాటు నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ మాటలే పేజీలో సహజంగా ఉండాలి. తెలుగుతోబాటు కన్నడంలో, ఇంగ్లీషులో ఒక్కొక్క పేజీ ఉంటే మంచిది.

3. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క పేజీ పెట్టండి. దాని శీర్షిక విషయం చెప్పాలి. ‘స్వాగతం’ అనే శీర్షిక ఎవరికీ దారి చూపదు. ‘ఎనుము నెయ్యి, అర కిలో, కిలో – కోసిగి, కర్నూలు జిల్లా’ అన్నది దారి చూపుతుంది. పేజీలో తయారీ పద్ధతి, తూకం, ధర, ధర మార్చిన తేదీ, ఆహార భద్రత లైసెన్సు 14 అంకెల నంబరు, ఎలా తెప్పించుకోవాలో రాయండి.

4. ధరల పట్టికను బొమ్మగా పెట్టకండి. పండుగ పోస్టరువలె బొమ్మలో అక్షరాలు పెట్టడం చాలాచోట్ల కనిపిస్తున్నది. ఆ అక్షరాలు సెర్చ్ ఇంజనుకు సరిగా అందుతాయన్న నమ్మకం లేదు. ధరలను మామూలు అక్షరాల్లో రాయండి. ఫొటోలు పెట్టినచోట, ఫొటోలో ఏమున్నదో ఒక వాక్యం జతచేయించండి.

5. ఫోనులో త్వరగా తెరుచుకోవాలి. 2015 ఏప్రిల్‌నుండి ఫోనులో చదవడానికి అనువైన పేజీలకు గూగుల్ ప్రాధాన్యం ఇస్తున్నది. భారీ ఫొటోల సైజు తగ్గించండి. సిగ్నలు తక్కువగా ఉన్నచోట నిలబడి మీ ఫోనులోనే తెరిచి చూడండి. చిరునామాకు ముందు తాళం వేసినట్టి భద్రత, అనగా హెచ్‌టీటీపీఎస్, ఉన్నదీ లేనిదీ చూడండి. ఇదికూడా 2014నుండి లెక్కలోకి వస్తున్నది.

6. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ నమోదు చేయండి. ఇది ఉచితం. మ్యాపులో సంఘాన్ని చూపేది ఇదే. దగ్గరి అంగళ్లను చూపేటప్పుడు గూగుల్ మూడు సంగతులు చూస్తుంది: అడిగినదానికి సంబంధం, దూరం, పేరుప్రతిష్ఠలు. దూరం మన చేతిలో లేదు. మిగిలిన రెండూ ఉన్నాయి. పాలు పోయించుకొనే వేళలు, సరుకు అమ్మే వేళలు వేరువేరైతే, అమ్మే వేళలే పెట్టండి. మూసిన తలుపు చూసి వెనుదిరిగిన యాత్రికుడు మళ్లీ రాడు. కొన్నవారిని అభిప్రాయం రాయమని అడగవచ్చు. డబ్బో సరుకో ఇచ్చి రాయించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, సహకార ధర్మానికీ విరుద్ధం. ఫిర్యాదు వస్తే మర్యాదగా జవాబివ్వండి.

7. నిజమైన జామీను సంపాదించండి. యూనియన్ వెబ్‌సైటులోని సంఘాల జాబితాలో మీ లింకు ఉన్నదేమో చూడండి, లేకుంటే కోరండి. మీ నెయ్యి వాడే హోటలు, మీ సంఘాన్ని చూసివెళ్లిన కళాశాల తమ పేజీలో పేర్కొంటే అది విలువైన లింకు. డబ్బుకు వంద లింకులు అమ్మేవారిని గడప తొక్కనీయకండి.

మోసాల విషయమై హెచ్చరిక

‘నెలరోజుల్లో గూగుల్‌లో మొదటి స్థానం, గ్యారంటీ’ అంటూ సంఘాలకు ఫోన్లు వస్తున్నాయి. అటువంటి హామీ ఎవ్వరూ ఇవ్వలేరని గూగుల్ సంస్థే చెబుతున్నది. వెతికిన ఫలితాల్లో పై స్థానం డబ్బుకు దొరకదు. డబ్బు చెల్లించి వేయించే ప్రకటన వేరు. దానిపై ప్రకటన అని గుర్తు ఉంటుంది, డబ్బు ఆగిన రోజున అదీ ఆగుతుంది. మరికొందరు ‘కీవర్డు ట్యాగులు’ పెడతామని బిల్లు వేస్తారు. వాటిని వరుస నిర్ణయంలో లెక్కించమని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

ఇంతకన్న పెద్ద ప్రమాదం మరొకటున్నది. వెబ్‌సైటు డొమైన్ పేరు తయారుచేసినవాని సొంత పేరుమీద ఉంటే, రేపు అతనితో పేచీ వచ్చిననాడు సంఘం పేరు పరాయి చేతిలో ఉంటుంది. ఏళ్లతరబడి సంపాదించిన స్థానం ఒక్కరోజులో పోతుంది. కనుక డొమైన్ సంఘం పేరుమీద, సంఘం ఈమెయిలుతోనే ఉండాలి. గడువు తేదీని రిజిస్టరులో ఎక్కించాలి. పాస్‌వర్డును సీలువేసిన కవరులో బీరువాలో భద్రపరచి, కార్యదర్శి మారినపుడు చార్జి జాబితాలో చూపి, వెంటనే మార్చాలి.

ఫలితం కొలవడం

కొలవని పాలకు లెక్కలేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో సంఘం పేజీ ఏ మాటలకు కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, సగటు స్థానమెంత అనే నాలుగు సంగతులు తెలుస్తాయి. వీటిని నెలకొకసారి రాసుకోండి. నెలలో 400 సార్లు కనిపించి 8 మందే నొక్కారనుకుందాం. నూటికి ఇద్దరన్నమాట. పేజీ కనిపిస్తున్నది, కాని శీర్షిక ఆకర్షించడం లేదు. శీర్షిక మార్చి చూడాలి. అసలు 10 సార్లే కనిపించిందంటే కొనేవారి మాటలు పేజీలో లేవేమో, పేజీ రిజిస్టరుకెక్కలేదేమో చూడాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. లేకుంటే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు. కొన్ని మార్పుల ఫలితం గంటల్లో కనిపిస్తుంది, కొన్నింటికి నెలలు పడుతుంది. ఈనిన ఎనుమే పాలిస్తుంది. చూలుకట్టిన నాడే చెంబు పట్టుకొని కూర్చుంటే లాభం లేదు.

2024నుండి మన దేశంలో కొన్ని ప్రశ్నలకు గూగుల్ కృత్రిమ మేధతో తయారైన సంక్షిప్త జవాబును పైన చూపుతున్నది. దీనికి వేరే మంత్రమేమీ లేదు. స్పష్టమైన, నిజమైన సమాచారమున్న పేజీయే అక్కడా ఉపయోగపడుతుంది.

చర్చకు ప్రశ్నలు

(అ) మన డొమైన్ ఎవరి పేరుమీద ఉన్నది? గడువు ఎప్పుడు?
(ఆ) మన ధరలు ఫోనులో అక్షరాలుగా కనిపిస్తున్నాయా, బొమ్మగానా?
(ఇ) మన ఊరిపేరుతో మరొక ఊరు ఉన్నదా? తేడా తెలిసేలా రాశామా?
(ఈ) గత మూడు నెలల్లో ఏ మాటలతో మనల్ని వెతికారు?

ఈ ప్రశ్నలను వచ్చే పాలకవర్గ సమావేశం ఎజెండాలో చేర్చి, జవాబులను మినిట్సు పుస్తకంలో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాము. వీటికి కావలసినది ఎక్కువ ఖర్చు కాదు, వారానికి ఒక గంట శ్రద్ధ. దళారీ చేతికి పోయే రూపాయి పాలు పోసే సభ్యురాలి చేతికి రావడానికి ఆ గంట పనికివస్తుంది.