జరగండి అనేవాళ్లు లేని చోట

బందరు,
ఆదివారం ఉదయం.



జర్మనీ నుంచి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆమ్‌స్టర్‌డామ్ ప్లాను చూశాను. నాలుగు రోజులు, ఏడు మ్యూజియంలు, కాలువల మీద పడవ షికారు, ఒక పూట హేగ్. "ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగావు. బాగుందని ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకోవడానికి మనసొప్పలేదు. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పినదాన్ని. బొమ్మలు చూడ్డానికి వెళ్తున్న పిల్లకి చెప్పాల్సింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తీరిక చేసుకుని చదువు.

ముందు నా సంగతి చెబుతాను. 2023 జూలైలో మీ బావ దగ్గరికి వెళ్లి మూడు నెలలు ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉన్నాను కదా. వెళ్లిన వారంలోనే వాడు నన్ను రైక్స్‌మ్యూజియం దగ్గర దింపి, సాయంత్రం ఐదింటికి వస్తానని ఆఫీసుకి వెళ్లిపోయాడు. ఎనభై గదులు, ఎనిమిది వేల వస్తువులు. మళ్లీ ఎప్పుడు వస్తానో, ఒక్క గదీ వదలకూడదు అనుకున్నాను. మధ్యాహ్నానికే కాళ్లు లాగేశాయి. అయినా తిరిగాను. సాయంత్రం కారులో "ఏం చూశావమ్మా?" అని వాడు అడిగితే ఒక్క బొమ్మ కూడా కళ్లముందుకు రాలేదు. బంగారు చట్రాలు, జనం వీపులు, గోడ పక్కన చిన్న అక్షరాల చీటీలు, అంతే. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. పుస్తకంలో తపాలా బిళ్లంత అచ్చు చూపించి ముప్పై ఏళ్లు పిల్లలకి రెంబ్రాంట్ గురించి చెప్పాను. అసలు బొమ్మ ముందుకి వెళ్లి, చూడకుండా వచ్చేశాను.

తిరుమలలో మనం ఎంతసేపు నిలబడతాం? గంటల తరబడి కంపార్టుమెంట్లలో కూర్చుని, తీరా స్వామి ఎదురుగా వచ్చేసరికి "జరగండి, జరగండి" అని చెయ్యి పట్టి పంపేస్తారు. ఆ ఒక్క క్షణంలోనే ఉన్న చూపంతా పెట్టి చూస్తాం. మ్యూజియంలో అలా తోసేవాళ్లు లేరమ్మా. పొద్దున తొమ్మిదికి తలుపు తీసిన దగ్గర్నుంచి ఐదింటికి మూసేదాకా ఒకే బొమ్మ ముందు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. అక్కడ మనల్ని మనమే జరగండి జరగండి అని తోసుకుంటున్నాం. నీ ప్లానులో నాకు కనిపించిన తప్పు అదొక్కటే. ఏడింటిలో మూడు ఉంచుకో. మిగతావి ఎక్కడికీ పోవు.

పది రోజులాగి నేను మళ్లీ వెళ్లాను. ఈసారి ఒక్క బొమ్మ చూసి వచ్చేద్దామని. రెండో అంతస్తులో నడుమ ఉన్న పొడవాటి హాల్లో వెర్మీర్ వేసిన పాలు పోసే పనిమనిషి ఉంటుంది. 1660 ప్రాంతపు బొమ్మ. పేరు చూసి పెద్దదనుకుంటాం గానీ, ఎత్తు సరిగ్గా మూరెడు, వెడల్పు అంతకన్నా ఓ రెండు వేళ్లు తక్కువ. మొదట పసుపు రవిక, నీలం ఏప్రాను, పాలధార, ఇవే కనిపించాయి. అందరికీ ఇవే కనిపిస్తాయి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నేను నిలబడ్డాను. పదో నిమిషానికి వెనకాల గోడ కనిపించడం మొదలైంది. తెల్లగోడ అనుకుంటాం కదా, అందులో అచ్చమైన తెలుపు ఎక్కడా లేదు. బూడిదరంగు, లేత పసుపు, కిటికీ కింద చెమ్మపట్టిన మరక. పైన ఒక మేకు, ఆ మేకుకి ఇసుమంత నీడ. పక్కన మేకులు పీకేసిన చిల్లులు, అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు క్యాలెండర్లు తీసేసిన గోడ ఉంటుందే, అచ్చం అలా. కిటికీలో ఒక గాజు పలక పగిలి ఉంది. నేలమీద కాళ్లు కాచుకునే చెక్కపెట్టె. రొట్టె పెచ్చు మీద ముగ్గు చుక్కల్లా రంగు చుక్కలు పెట్టాడు. దగ్గరికి వెళ్తే అవి చుక్కలే, రెండడుగులు వెనక్కి వస్తే వెలుగు.

ఆ ఏప్రాను నీలం అఫ్గానిస్తాన్ కొండల్లో తవ్విన లాజవర్ద్ రాయిని నూరి చేసిన రంగు. ఆ రోజుల్లో దానంత ఖరీదైన రంగులు ఎన్నో లేవు. దాన్ని తీసుకెళ్లి వంటింటి పనిమనిషి ఏప్రానుకి పూశాడు. ఇంకోటి చెప్పనా? ఆమె తల వెనక మొదట కూజాలు తగిలించే చెక్కపట్టీ, కింద ఒక బుట్ట గీసి, తర్వాత వాటిమీద రంగు వేసి కప్పేశాడని 2022లో పరిశోధకులు కనిపెట్టారు. అంటే ఆ ఖాళీ గోడ ఊరికే వచ్చింది కాదు. ఉన్నవి తీసేసి తెచ్చుకున్నాడు. ఈ సంగతి బడిలో ఉండగా తెలిసుంటే బొమ్మ నిండా ఏదో ఒకటి గీసేసే పిల్లలకి ఎంత బాగా చెప్పేదాన్నో.

ఎండిపోయిన రొట్టె ముక్కలు పాలల్లో నానబెట్టి ఏదో వండుతోందని కొందరు పండితులు అంటారు. అది చదివాక నాకు మా అమ్మ, అదే మీ నానమ్మ, గుర్తొచ్చింది. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి తోడు వేసేది. ధార సన్నగా పడేది, చూపు గిన్నెలోనే ఉండేది, ఆ నిమిషం ఎవరు పిలిచినా పలికేది కాదు. డెల్ఫ్ట్ ఊళ్లో మూడున్నర శతాబ్దాల కిందట ఒక పనిమనిషి అదే చూపుతో పాలు పోస్తోంది. నేను అక్కడే బల్లమీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

అదే హాలు చివర రెంబ్రాంట్ 'నైట్ వాచ్' ఉంటుంది. 1642 నాటిది. ఇది పెద్దదే, నాలుగున్నర మీటర్ల వెడల్పు. పేరు చూసి రాత్రి అనుకోకు. బొమ్మలో ఉన్నది పగలు, వార్నిష్ నల్లబడి ఆ పేరు వచ్చింది. 1715లో టౌన్‌హాలు గోడకి పట్టలేదని నాలుగు వైపులా కత్తిరించేశారు. ఆ ముక్కలు మళ్లీ దొరకలేదు. 2019 నుంచి జనం చూస్తుండగానే గాజు గదిలో పరిశోధన, మరమ్మతు చేస్తున్నారు, 2024 చివర్లో పాత వార్నిష్ తీయడం మొదలుపెట్టారు. కాబట్టి బొమ్మతోపాటు దానికి వైద్యం చేసేవాళ్లూ నీకు కనిపించవచ్చు. వాళ్లనీ చూడు. జనమంతా కెప్టెన్‌ని చూస్తారు, నువ్వు ఎడమపక్క పసుపు గౌనులో వెలుగుతున్న చిన్నపిల్లని చూడు, నడుముకి కోడి వేలాడుతుంటుంది. పొద్దున్నే తొమ్మిదికి నేరుగా ఈ హాలుకి వచ్చేస్తే కాస్త ప్రశాంతంగా చూడొచ్చు. పదకొండు దాటితే తలలే.

బందరు పిల్లవి కాబట్టి నీకు అక్కడ ఇంకో పనుంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది, మూడేళ్లకి మన రేవులో దిగింది. ఇక్కడి డచ్చి సమాధులు నీకు చిన్నప్పుడు చూపించాను, రాళ్ల మీద చెక్కిన అక్షరాలు వేలితో తడిమావు. ఆ ఓడల్లో వెళ్లినవి మన అద్దకం బట్టలు. కరక్కాయ, పాలు కలిపి నానబెట్టి, చిరివేరుతో ఎరుపెక్కించిన గుడ్డలని అక్కడి కలిగిన ఇళ్లలో గౌన్లుగా, దుప్పట్లుగా వాడుకున్నారు. కోరమండల్ తీరం నుంచి వాళ్లు బట్టలే కాదు, మనుషుల్ని కూడా బానిసలుగా ఓడలెక్కించారు. 2021లో రైక్స్‌మ్యూజియమే బానిసత్వం మీద ప్రదర్శన పెట్టి ఈ సంగతులు మాట్లాడింది, అది నాకు నచ్చింది. ఆ బొమ్మల్లోని పట్టు, వెండి, నిమ్మకాయలు చూసి ముచ్చటపడు, తప్పులేదు. ఆ డబ్బు ఏయే రేవుల మీదుగా వచ్చిందో కూడా మనసులో పెట్టుకుని చూడు.

గోల్కొండలో వేసిన రాజుల చిత్రాల ఆల్బం ఒకటి ఆ మ్యూజియం దగ్గర ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ మేయరుగా చేసిన విట్సెన్ అనే ఆయన దాచుకున్నది. రెంబ్రాంట్ కూడా మొగలు చిత్రాలు ముందు పెట్టుకుని ఇరవైకి పైగా బొమ్మలు గీశాడు. అంతటివాడు మనవాళ్ల గీత చూసి నేర్చుకున్నాడు! కాగితం మీద వేసినవి, గుడ్డలు వెలుతురుకి పాడవుతాయని ఎల్లకాలం బయట ఉంచరు, మార్చి మార్చి పెడతారు. కనిపించలేదని దిగులుపడకు, మ్యూజియం వెబ్‌సైటులో లక్షల బొమ్మలు ఉచితంగా ఉంచారు. వెళ్లేముందే అక్కడ వెతుక్కుని, ఏవి చూడాలో రాసుకో.

ఆసియా వస్తువులు పక్కన వేరే చిన్న భవనంలో ఉంటాయి. అక్కడ మనిషి ఎత్తుకి కాస్త తక్కువగా చోళుల కాలపు నటరాజు ఉన్నాడు. గుడిలో అయితే పట్టుబట్టలు, పూలు, దీపం వెలుగు, దూరం. ఇక్కడ స్వామి అలంకారం ఏదీ లేకుండా, కంటికెదురుగా ఉంటాడు. నాకు ముందు కష్టమనిపించింది, తర్వాత చుట్టూ తిరిగి వీపు చూశాను. గర్భగుడిలో మనకి వీపు ఎప్పుడు కనిపిస్తుంది? శిల్పి ఆ వీపుని కూడా ముఖమంత శ్రద్ధగా చేశాడు. దండం పెట్టాలనిపిస్తే పెట్టు, ఎవరైనా చూస్తారని మొహమాటపడకు.

వాన్‌గో మ్యూజియం మాత్రం నీ ప్లానులోంచి తీయకు. టికెట్టు ఆన్‌లైన్లోనే, ఫలానా గంటకని ఇస్తారు, ఇవాళే తీసేసుకో. లోపల బొమ్మల్ని ఫోటోలు తీయనివ్వరు, అది మన మంచికే. ప్రొద్దుతిరుగుడు పూల దగ్గర గుంపు ఉంటుంది. నువ్వు బాదంపూల దగ్గర ఆగు. 1890 ఫిబ్రవరిలో, సేంట్ రెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వేశాడు. తమ్ముడు తియోకి కొడుకు పుట్టాడని, ఆ పసివాడికి తన పేరే పెట్టారని కబురొస్తే, కానుకగా వేశాడు. నీలాకాశం మీద తెల్లపూల కొమ్మలు. ఆ జూలైలో ఆయన పోయాడు, ఆర్నెల్లకి తమ్ముడూ పోయాడు. తియో భార్య యో చేతిలో ఏడాది పిల్లాడు, ఎవరూ కొనని వందల బొమ్మలు మిగిలాయి. ఆమెకి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంట్లో బస చేసేవాళ్లని పెట్టుకుని పొట్ట పోసుకుంటూ, ఒక్కొక్క బొమ్మనీ ప్రదర్శనలకి పంపింది, 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద ప్రదర్శన పెట్టించింది, ఉత్తరాలన్నీ వరస పేర్చి 1914లో అచ్చు వేయించింది. ఆ పసివాడు పెరిగి ఇంజనీరయ్యాడు. 1973లో ఆ మ్యూజియం తెరిచారంటే అందులో ఆయన పూనిక ఉంది. బాదంపూలు వాళ్ల ఇంట్లోనే ఉండిపోయాయి, అమ్మలేదు. ఆ బొమ్మ ముందు నిలబడినప్పుడు యో ని తలుచుకో. ఆవిడ గట్టిగా నిలబడకపోతే మనకి ఈ వాన్‌గో తెలిసేవాడా?

హేగ్‌కి రైల్లో గంటలోపే. మౌరిట్స్‌హౌస్ చిన్న భవనం, ఒక పూటకి సరిపోతుంది. వెర్మీర్ వేసిన ముత్యం చెవిపోగు అమ్మాయి అక్కడే ఉంది. 1881లో వేలంలో ఒకాయన రెండు గిల్డర్లకి, పైన ముప్పై సెంట్లకి కొన్నాడు. ఆ మాసిన బొమ్మలో ఏముందో కనిపెట్టిన కన్ను ఆయనది. అదే చోట ఫాబ్రిషియస్ వేసిన చిన్న పిట్ట కూడా ఉంటుంది, కాలికి సన్నటి గొలుసు. 1654లో వేశాడు, ఆ ఏడాదే డెల్ఫ్ట్‌లో తుపాకిమందు కొట్టు పేలి పోయాడు.

ప్రత్యేక ప్రదర్శనల మాట. మ్యూజియంలో ఎప్పుడూ ఉండేవి వేరు, కొన్నాళ్లకి తెచ్చి పెట్టేవి వేరు. 2023లో రైక్స్‌మ్యూజియం వెర్మీర్ బొమ్మలు 28 ఒక్కచోటికి తెచ్చింది. ఆయనవి ప్రపంచం మొత్తంమీద మిగిలినవే ముప్పై ఏడు. టికెట్లు కొద్ది రోజుల్లోనే అయిపోయాయి, ఆరున్నర లక్షలమంది చూశారు. జూన్ 4న ముగిసింది, నేను జూలైలో దిగాను. ముందే చూసుకుని ఉంటే ప్రయాణం ఇంకాస్త ముందుకి జరిపేదాన్ని. అందుకే చెబుతున్నా, రైలు టికెట్టు కొనేముందే ఆ వారంలో ఎక్కడ ఏ ప్రదర్శన ఉందో చూసుకో.

పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు, లాకర్లో పెట్టాలి. చెప్పులు మెత్తటివి వేసుకో. రెండు గంటలకి మించి ఏకబిగిన తిరగకు, బయటికొచ్చి ఏదన్నా తిను. స్నేహితులు తొందరపెడితే ఫలానా టైముకి మెట్ల దగ్గర కలుద్దామని చెప్పి విడిపో. బొమ్మలు గుంపుగా చూసేవి కావు.

చివరిది. ఫోన్ జేబులో పెట్టి గీయి. ఫోటోలు తీసుకుంటూ పోకుండా గీస్తూ చూడండని 2015లో రైక్స్‌మ్యూజియమే జనాన్ని పిలిచింది. పెన్సిల్ తీసుకెళ్లొచ్చు, పెన్ను, రంగులు ఒప్పుకోరు. బొమ్మంతా వేయక్కర్లేదు. నేను ఆ రోజు మేకు, దాని నీడ మాత్రమే గీశాను, అరగంట పట్టింది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నీకు బొమ్మలు రావని మీ నాన్న అంటాడు, వాడి మాట వినకు. ఆరో తరగతిలో నువ్వు వేసిన మామిడికాయ నాకు గుర్తుంది, తొడిమ దగ్గర జీడి కారిన చార కూడా వేశావు.

జర్మనీ వెళ్లేటప్పుడు నీ పెట్టెలో, స్వెట్టర్ల అడుగున, అరచేతంత డ్రాయింగు పుస్తకం, 2బి పెన్సిలు పెట్టాను. నువ్వు ఇంకా చూసి ఉండవు. తీసి బ్యాగులో వేసుకో. తిరిగొచ్చాక అందులో ఏం గీశావో ఫోటో తీసి నాకు పంపు.

నీ
అత్తయ్య