ఆటల కంప్యూటరును స్వయముగా కూర్చుకొనుట: భాగముల యెన్నిక

వేసవి సెలవులు సమీపించునప్పుడు పైతరగతుల బాలురు కొందరు ప్రతి సంవత్సరమును మాయొద్దకు వచ్చుచుందురు. "మాస్టారూ, ఆటలాడుటకు కంప్యూటరును మేమే కూర్చుకొనదలచితిమి. ఏయే భాగములు కొనవలయునో చెప్పుదురా?" అని యడుగుదురు. వారి చేతిలో నొక కాగితముండును. దానిపై మొదటి పంక్తియందు గ్రాఫిక్స్ కార్డు పేరును, రెండవ పంక్తియందు రంగురంగుల దీపములు గల కేబినెట్టు పేరును వ్రాయబడి యుండును. యంత్రమునకు విద్యుచ్ఛక్తి నందించు భాగము, అనగా దుకాణములలో ఎస్.ఎం.పి.ఎస్. అని వ్యవహరించు పెట్టె, పెక్కు కాగితములలో కానరాదు. ఆ కాగితములను సరిదిద్దుటకే యీ పాఠమును వ్రాయుచున్నాము. బాలురతోపాటు, సొమ్మిచ్చు తలిదండ్రులును దీనిని చదువవలెనని మా కోరిక.

ఈ విషయమున మేమును తప్పు చేసినవారమే. 2023వ సంవత్సరపు వేసవిలో, బట్టలు కుట్టి జీవించు నొక తండ్రి తన కుమారునితో మా యింటికి వచ్చి, రెండేండ్లుగా కూడబెట్టిన సొమ్మును గూర్చి చెప్పి, భాగముల పట్టిక వ్రాసి యిమ్మని కోరెను. ప్రాసెసరును, కార్డును మిగుల శ్రద్ధతో ఎన్నితిమి. సొమ్ము కొంచెము చాలకపోగా, ఎస్.ఎం.పి.ఎస్.కు ఎదురుగా "కేబినెట్టుతో వచ్చునదే చాలును" అని వ్రాసితిమి. యంత్రము సిద్ధమయ్యెను. పాఠములు చదువుటకును, చలనచిత్రములు చూచుటకును చక్కగా పనిచేసెను. కాని ఆట మొదలుపెట్టిన పది నిమిషములకే తెర నల్లబడి యంత్రము ఆగిపోవుచుండెను. దుకాణమువారు మొదట కార్డు చెడినదనిరి. తరువాత ర్యామ్ చెడినదనిరి. ఆ తండ్రి పని మానుకొని రెండు పర్యాయములు బస్సులో పట్టణమునకు పోయి వచ్చెను. కడపట మా యింటి యంత్రములోని ఎస్.ఎం.పి.ఎస్.ను ఊడదీసి దానికి తగిలింపగా, సాయంకాలమంతయు ఆట ఆగక సాగెను. తండ్రి కోపపడలేదు. "ముందుగా చెప్పియుంటే ఇంకొక నెల ఆగి కొనియుందుము గదా, మాస్టారూ" అని మాత్రమనెను. ఆ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

ఇక పాఠమునకు వత్తము. భాగముల యెన్నిక కార్డుతో కాక మానిటరుతో ఆరంభింపవలెను. ఏలయన, యంత్రము చేయవలసిన పనియెంతయో నిర్ణయించునది మానిటరే. తెరపై బొమ్మ యనునది చుక్కల సమూహము. సామాన్యపు మానిటరునందు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. గుణించి చూడుడు: 20,73,600. అంతకు పై తరగతిది 2560 × 1440, అనగా 36,86,400. ఫోర్‌కే యని పిలువబడు 3840 × 2160 తెరయందు 82,94,400 చుక్కలు గలవు. ఇది మొదటిదానికి సరిగా నాలుగింతలు. ఈ చుక్కలన్నిటికిని ఆటలోని ప్రతి ఫ్రేమునందును రంగు నిర్ణయింపవలెను. సెకనునకు 60 ఫ్రేములు చూపు మానిటరునకు ఒక్కొక్క ఫ్రేము సిద్ధపరచుటకు 16.7 మిల్లీసెకనుల గడువుండును. 144 చూపుదానికి ఆ గడువు 6.9 మిల్లీసెకనులే. కావున మానిటరు నిశ్చయింపక కార్డు కొనుట, గది కొలతలు తీయక చాప కొనుటవంటిది. మొదటి యంత్రమునకు 1920 × 1080 చాలునని మా యభిప్రాయము. 144 తరగతి మానిటరు కొన్నవారు దానిని కంప్యూటరు సెట్టింగులలో 144కు మార్చుకొనుట మరువరాదు. కొందరు 60 మీదనే యుంచి నెలలకొలది ఆడుచుందురు.

ఆడదలచిన ఆటను బట్టియు ఎన్నిక మారును. 2020లో వచ్చిన వాలరంట్, 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2 వంటివి కార్డుకంటె ప్రాసెసరునే యెక్కువగా శ్రమపెట్టును. (వానిలోని తుపాకుల మోత మాకు రుచింపదు గాని, ఇది యంత్రములను గూర్చిన పాఠము.) 2020లోనే వెలువడిన సైబర్‌పంక్ 2077 వంటివానికి బలమైన కార్డు లేనిదే సాగదు.

కార్డు విషయమున పేరులోని సంఖ్యను చూచి మోసపోరాదు. ఆర్.టి.ఎక్స్. 3060 అను కార్డు 2021లో 12 గిగాబైట్ల మెమరీతో వచ్చినది; దాని విద్యుద్వ్యయము 170 వాట్లు. 2023లో వచ్చిన 4060నకు 8 గిగాబైట్లే యున్నను 115 వాట్లతోనే పని జరుగును. ఒకదాని మెమరీ యెక్కువ, మరియొకదాని వ్యయము తక్కువ. ఇంతకంటె జాగ్రత్తపడవలసినది వేరొకటి గలదు. 2022లో అదే 3060 అను పేరుతో 8 గిగాబైట్ల రకము నొకదానిని విడిచిరి. దానియందు మెమరీ మార్గపు వెడల్పు 192 బిట్ల నుండి 128 బిట్లకు తగ్గెను. అట్టపెట్టెపై పేరొకటే, లోపల వస్తువు వేరు. కావున బిల్లుపై మెమరీ యెంతయో వ్రాయించుకొనవలెను. రేడియాన్ జాతిలో 2021లో వచ్చిన ఆర్.ఎక్స్. 6600 అనునది 8 గిగాబైట్లు, 132 వాట్లు. సామాన్యపు తెరకు ఇదియు తగినదే. వాడిన కార్డులు చవుకగా దొరకును గాని, 2021 ప్రాంతమున వేలకొలది కార్డులు రేయింబవళ్లు క్రిప్టో నాణెముల గణనలో నలిగినవి. అట్టిదానిని ఆట ఆడించి చూడక కొనరాదు.

ప్రాసెసరును మదర్‌బోర్డును ఒక్కటిగా ఎన్నవలెను. రోటికి తగిన రోకలివలె ఇవి సరిపడవలెను. ఎ.ఎం.డి. వారి రైజెన్ ప్రాసెసరులలో పాతవి ఏ.ఎం.4 సాకెట్టునకును, 2022 నుండి వచ్చినవి చాలవరకు ఏ.ఎం.5 సాకెట్టునకును చెందినవి. ఇంటెల్ వారి పండ్రెండు, పదుమూడు, పదునాలుగవ తరముల వానికి 1700 మొనల సాకెట్టు. 2024లో వచ్చిన వానికి 1851 మొనలది. సాకెట్టు సరిపడినంత మాత్రమునను చాలదు. 2018 నాటి బి450 బోర్డులో 2020 చివర వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసరు చక్కగా కూర్చుండును; బోర్డులోని బయోస్ పాతదైనచో తెరపై ఒక్క యక్షరమైనను రాదు. బయోస్ క్రొత్తది చేసి యిమ్మని దుకాణములోనే అడుగవలెను. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నచో దానిలో బొమ్మ చూపు శక్తి లేదని యర్థము. కార్డు లేనిదే తెర వెలుగదు. మొదటి యంత్రమునకు ఆరు కోర్ల ప్రాసెసరు చాలును. రైజెన్ 5 5600 గాని, ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గాని ఈ కోవలోనివి. ఇంతకుమించి ప్రాసెసరుపై వెచ్చించు రూపాయి కార్డునకు పోవుట మేలు.

ర్యామ్‌ను గూర్చి రెండు మాటలు. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అను రెంటికిని 288 మొనలే యున్నను నడిమి గాడి వేరుచోట నుండును. ఒకదాని స్థానమున రెండవది దిగదు, బలవంతముగా దింపరాదు. ఏ.ఎం.5 బోర్డులు డి.డి.ఆర్.5 మాత్రమే గ్రహించును. పదునారు గిగాబైట్లు కొనువారు ఒకే పలక కాక ఎనిమిదేసి గల రెండు పలకలు కొనుట మంచిది. అప్పుడు రెండు మార్గములలో దత్తాంశము ప్రవహించును. బోర్డులో నాలుగు గాడులున్నచో సాధారణముగా ప్రాసెసరు నుండి లెక్కించి రెండవ, నాలుగవ గాడులలో వానిని అమర్చవలెను. నిలువకు 500 గిగాబైట్లు లేక ఒక టెరాబైటు గల ఎన్.వి.ఎం.ఇ. ఎస్.ఎస్.డి. చాలును.

ఇప్పుడు మా తప్పునకు కారణమైన ఎస్.ఎం.పి.ఎస్. ను విచారింతము. ఆ బాలుని కేబినెట్టుతో వచ్చిన పెట్టెపై 450 వాట్లని పెద్ద యక్షరములతో ముద్రింపబడి యుండెను. ప్రక్కనున్న చీటిని మేమప్పుడు చదువలేదు. కార్డును ప్రాసెసరును నడుపునది 12 వోల్టుల మార్గము. చీటిలో ఆ మార్గమునకు ఎదురుగా 16 ఆంపియరులని యుండెను. 12ను 16తో గుణింపుడు: 192 వాట్లు. పెద్ద యక్షరముల 450 ఎక్కడ, ఈ 192 ఎక్కడ? ఆ బాలుని కార్డు 3060, అనగా 170 వాట్లు. ప్రాసెసరు 65 వాట్ల తరగతిదని వ్రాసినను, పూర్తి భారమున 88 వాట్ల వరకు తీసికొనును. ఈ రెండే 258. పాఠములు చదువునప్పుడు కార్డు నిద్రించుచుండును గనుక యంత్రము నడచెను. ఆట మొదలు కాగానే కూలెను. పైగా కార్డునకు కావలసిన ఎనిమిది సూదుల తీగ ఆ పెట్టెకు లేకపోగా, అతుకు తీగతో తగిలించియుండిరి. ఆ తీగ వేడెక్కి కాలిపోకుండుట ఆ యింటివారి భాగ్యము.

మంచి పెట్టె ఎట్లుండును? మంచి 450 వాట్ల పెట్టె చీటిలో 12 వోల్టుల మార్గమునకు సుమారు 37 ఆంపియరులుండును. గుణింపగా 444 వాట్లు. ఇట్లు చీటిని చదువుట ఏడవ తరగతి బాలునికైనను సాధ్యమే. 80 ప్లస్ అను ముద్రయు గలదు. దానిలో బ్రాంజ్ తరగతి యనగా, 115 వోల్టుల పరీక్షయందు సగము భారముపై నూటికి 85 వంతుల శక్తి భాగములకు చేరుననుట. లోపలి భాగములకు 255 వాట్లు కావలసినచో గోడనుండి 300 తీసికొనును. తక్కిన 45 వేడిగా పోవును. కాని ఈ ముద్ర శక్తి వ్యర్థమును మాత్రమే కొలుచును. పెట్టె ఎంతకాలము మన్నునో, ఆపదలో తనంతట ఆగునో చెప్పదు. కావున ముద్రతోపాటు గ్యారంటీ ఎన్ని సంవత్సరములో విచారింపవలెను. 4060 వంటి కార్డుగల యంత్రమునకు మంచి 450 లేక 550 వాట్లది చాలును; అట్టపెట్టెలపై 750, 850 అని చూచి భయపడనక్కరలేదు.

మరియొక యపాయమును స్పష్టముగా చెప్పవలెను. కొన్ని ఎస్.ఎం.పి.ఎస్.లకు తీగలు ఊడదీయుటకు వీలుగా నుండును. ఒక కంపెనీ తీగను వేరొక కంపెనీ పెట్టెకు తగిలింపరాదు. కొన మొనలు సరిపడినట్లే కనబడును గాని లోపలి తీగల వరుస వేరు. ఒక్క క్షణములో ఎస్.ఎస్.డి.యో బోర్డో కాలిపోవచ్చును.

మన యిండ్లలో కరెంటు పోవుట వింత కాదు గనుక యూపీఎస్ కూడ లెక్కలో చేర్చుడు. 600 వి.ఏ. అని వ్రాసిన యూపీఎస్ సాధారణముగా 360 వాట్లకు మించి మోయలేదు. పైన చెప్పిన 300కు మానిటరుకై 30 చేర్చిన 330 అగును. ఫ్యాను కూడ దానికే తగిలింపవలెనని ఇంటివారు కోరుదురు, అంగీకరింపకుడు.

కేబినెట్టు గాలి పీల్చునదై యుండవలెను. ముందువైపు అద్దముతో మూసినది చూచుటకు సొంపుగా నుండును గాని, ఏప్రిల్, మే నెలలలో గదియే నలువది డిగ్రీలకు చేరు మన ప్రాంతములలో ముందు జల్లెడవంటి రేకు గలదే మేలు. కార్డు పొడవు దానిలో పట్టునో లేదో మిల్లీమీటర్లలో కొలిచి చూడుడు.

వెలలు ఇచట ముద్రింపలేదు. 2021లో కార్డుల వెలలు ఆకాశమునంటెను. 2025 చివర ర్యామ్ వెలలు పెరిగెను. పత్రిక చేతికి వచ్చునప్పటికి మా యంకెలు చెల్లవు. మానిటరు వెల విడిచి, ఉన్న సొమ్ములో మూడవ వంతునకు పైగా, సగమునకు లోపుగా కార్డునకు కేటాయింపుడు. ఎస్.ఎం.పి.ఎస్.కు కావలసినది ముందుగా తీసి వేరుగా ఉంచుడు. తరువాత దానిని ముట్టుకొనకుడు. సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునందుగాని, చెన్నపట్టణపు రిచీ వీథియందుగాని నాలుగు దుకాణములు తిరిగినచో తేడా తెలియును. ప్రతి భాగపు క్రమసంఖ్యయు బిల్లుపై ఎక్కించుకొనుడు.

కూర్చునప్పుడు ముందుగా కేబినెట్టు లోహమును చేతితో ముట్టుకొనుడు. ఒంటిలోని స్థిర విద్యుత్తు దానిలోనికి పోవును. మానిటరు తీగను బోర్డునకు కాక కార్డునకు తగిలింపుడు.

ఆ బట్టలు కుట్టువాని కుమారుడు ఎస్.ఎం.పి.ఎస్. మార్చుకొనిన పిమ్మట ఆ యంత్రము నేటికిని పనిచేయుచున్నది. మొన్న అతడు తన పినతండ్రి కుమారునికై ఒక కాగితము వ్రాసి మాకు చూపెను. మొదటి పంక్తిలో మానిటరు, రెండవ పంక్తిలో ఎస్.ఎం.పి.ఎస్., దాని ప్రక్కన ఆంపియరుల గుణకారము ఉండెను. రంగుదీపముల సంగతి కాగితము వెనుకవైపున, పెన్సిలుతో వ్రాసియుండెను.