కొనకముందు గుఱ్ఱముతోడి చెలిమి

గుఱ్ఱమును కొనఁబోవువారు పండ్లు చూచి వయస్సు గణింతురు. అది దేనికి బెదరునో విచారించువా రరుదు. మాసిడోనియా రాజగు ఫిలిప్పునకు బ్యూసెఫలసను గుఱ్ఱమును 13 టాలెంట్ల వెలకుఁ దెచ్చిరనియు, అది యెవ్వరిని దరిఁజేరనీయమిచే ఆయన మరలఁ గొనిపొండనెననియు ప్లూటార్కు వ్రాసెను. బాలుఁడగు అలెగ్జాండరు అది తన నీడకే బెదరుటఁ గనిపెట్టి, కళ్లెము పట్టి సూర్యునివైపు త్రిప్పెను. పిమ్మట దువ్వుచు, కొంతదూరము వెంట పరుగిడి, పైవస్త్రమును మెల్లగా జాఱవిడిచి యెక్కెను.

గుఱ్ఱపు కన్నులు తల కిరుప్రక్కల నుండుటచే, నుదుటికి సరిగా ముందున్నదియు తోకవెనుక నున్నదియు దానికిఁ గానరాదు. భుజమువైపునుండి పలుకరించుచుఁ జేరవలెను. నాలుగు దినములు అమ్మువాని దొడ్డికిఁ బోయి, మేపి, గిట్టలెత్తి చూచిన పిమ్మటనే బేరము. అందుల కొప్పని వర్తకుని గుఱ్ఱమును నేనైతే కొనను.

బ్యూసెఫలసు పంజాబువఱకు యజమానుని వెంట వచ్చి, క్రీ.పూ. 326లో జీలము నదీతీర యుద్ధానంతరము మరణించెను.