పాత బజారు, కొత్త బాట: పెనుకొండ చెప్పే పాఠం

పట్టణానికి ప్రాణం దాని బజారు. కోటను రాజులు కట్టించవచ్చు. కాని కోట నీడలో ఊరిని నిలబెట్టేవి అంగళ్లు, సంతలు, గుడి, మసీదు, వాటి చుట్టూ మసలే జనమే. కాలం మారినకొద్దీ ఆ బజారు ఇరుకైపోయిందనీ, దానిని పడగొట్టి విశాలమైన రహదారి వేయాలనీ కొందరు వాదిస్తారు. పూర్వులు నిలిపిన రాయి ఒక్కటైనా కదపరాదని మరికొందరు వాదిస్తారు. ఈ రెండు వాదాల నడుమ మన చిన్న పట్టణాలు నలుగుతున్నవి. ఉర్దూలో నిర్మాణాన్ని 'తామీర్' అనీ, రక్షణను 'హిఫాజత్' అనీ అంటారు. ఈ రెండింటికీ పొత్తు కుదరదా? ఒక ఊరిని ఉదాహరణగా గ్రహించి ఈ ప్రశ్నను పరిశీలించడమే మా ఉద్దేశం.

పెనుకొండ పూర్వాపరాలు

శ్రీ సత్యసాయి జిల్లాలోని పెనుకొండకు ఘనగిరి అని సంస్కృత నామం. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం పరాజయం పొందిన పిమ్మట తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి తరలించాడు. తరువాతి కాలంలో రాజధాని చంద్రగిరికి మారినా, పెనుకొండ వైభవం పూర్తిగా చెరిగిపోలేదు. గగన్ మహల్, పక్కపక్కనే నిలిచిన శివాలయ రామాలయాలు, పార్శ్వనాథ జినాలయం, షేర్‌ఖాన్ మసీదు, హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ దర్గా ఒకే ఊరిలో నేటికీ మనకు దర్శనమిస్తాయి. దర్గాకు మతభేదం లేక భక్తులు వస్తారు. మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడటం ప్రతి పౌరుని కర్తవ్యమని 1976లో రాజ్యాంగంలో చేరిన 51ఏ అధికరణం చెబుతున్నది. ఆ మాటకు పెనుకొండ వీధులే వ్యాఖ్యానం.

ఇక వర్తమానానికి వద్దాం. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారం నెలకొల్పడానికి 2017లో కియా సంస్థ ఒప్పందం చేసుకొన్నది. ఏడాదికి 3 లక్షల వాహనాలను తయారుచేయగల ఆ కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైంది. పెనుకొండ కోట ద్వారాలలో ఒకదాని పేరు ఎర్రమంచి ద్వారం! ఒకనాడు ఏ ఊరి దిక్కుగా కోట తలుపు తెరుచుకొన్నదో, నేడు ఆ ఊరి నుండే కొత్త యుగం ప్రవేశించింది. ఉపాధి వచ్చినచోటికి జనం వస్తారు. జనంతోపాటు ఇళ్లకూ, అంగళ్లకూ, దారులకూ గిరాకీ పెరుగుతుంది. దీనిని తప్పుపట్టడం అవివేకం. తరతరాలుగా కరవుతో పోరాడిన సీమ బిడ్డలకు పని కావాలి.

చట్టం చేసేది, చేయనిది

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. నిషిద్ధ పరిధిలో మరమ్మతులు చేసుకోవాలన్నా అనుమతి పొందాలి. కట్టడాలకు ఇది మంచి కవచమే. కాని ఇందులో రెండు చిక్కులున్నవి.

మొదటిది, ఈ పరిధిలో పాత ఇల్లున్న పేదవాడు మిద్దె కురుస్తున్నా అనుమతికోసం కార్యాలయాల చుట్టూ తిరగాలి. అతనికి పురాతన కట్టడం గర్వకారణంగా కాక శాపంగా తోస్తుంది. రెండవది, పరిధి దాటిన పాత వీధికి ఈ చట్టం వల్ల ఏ రక్షణా లేదు. రాతి అరుగులు, చెక్కిన దర్వాజాలు, మద్దెల స్తంభాల ఇళ్లు ఏ జాబితాకూ ఎక్కక ముందే మాయమవుతాయి. గోపురం మిగులుతుంది, గోపురానికి దారి చూపిన వీధి మిగలదు.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు స్థలం కోల్పోయిన యజమానికి నగదుకు బదులు, మరొకచోట అదనపు అంతస్తులు కట్టుకొనే హక్కు పత్రం ఇచ్చే పద్ధతి ఉన్నది. దానిని బదలాయింపు అభివృద్ధి హక్కు అంటారు. మహానగరంలో ఆ పత్రాన్ని కొనేవారుంటారు. రెండంతస్తులకు మించి కట్టే అవసరమే అరుదైన చిన్న ఊరిలో దానిని కొనేదెవరు? పైగా ఆ హక్కు స్థల యజమానిది. ముప్పై ఏళ్లుగా అద్దె అంగడిలో గాజులమ్మినవాడికి, కుట్టుమిషను పెట్టుకొన్నవాడికి దక్కేదేమిటి? అభివృద్ధి, పరిరక్షణ అనే వాదాలు రెండూ మరచిపోయే మనిషి ఇతడే.

పత్తర్‌గట్టీ ఉపమానం

సమన్వయం అసాధ్యం కాదనడానికి హైదరాబాదు చరిత్రలోనే నిదర్శనం కలదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. చార్మినార్‌కు వెళ్లే ఇరుకు దారిని అది వెడల్పు చేయించింది. కాని దారి చేసి ఊరుకోలేదు. ఇరువైపులా కమానులతో, ఒకే తీరున, రాతితో అంగళ్ల వరుసలు కట్టించింది. అదే పత్తర్‌గట్టీ. 1591 నాటి చార్మినార్‌కు ఆ కొత్త కట్టడం పోటీ కాలేదు, తోడైంది. నాటి కొత్త బజారునే నేడు మనం వారసత్వమని కొనియాడుతున్నాం. కొత్తది పాతదాని మర్యాద పాటిస్తే, కొంతకాలానికి తానూ మర్యాదకు పాత్రమవుతుందన్నమాట.

దీనినుండి గ్రహించవలసినవి మూడు. ఒకటి, బరువు వాహనాలను బజారులోకి రానీయక ఊరి వెలుపలి బాటకు మళ్లిస్తే చాలాచోట్ల పడగొట్టవలసిన అగత్యమే ఉండదు. రెండు, పడగొట్టక తప్పనిచోట పనులు మొదలుకాక ముందే అద్దెదారుకు అదే వీధిలో అంగడి చూపాలి. మూడు, పాత ఇంటిని నిలుపుకొన్నవారికి ఇంటిపన్నులో రాయితీ, మరమ్మతుకు సహాయం, త్వరగా అనుమతి లభించాలి. కాపాడమని శాసించి, ఖర్చు మాత్రం పేదవాడి నెత్తిన వేయడం న్యాయం కాదు.

విద్యార్థులు చేయదగిన పని

జాబితాలో లేనిదానిని ఎవరూ కాపాడలేరు. కనుక విద్యార్థులారా, ఈ సెలవులలో మీ ఊరి పాత బజారును ఒక్కసారి లెక్కించండి. ఏ ఇల్లు ఎవరి కాలంనాటిదో పెద్దలనడిగి రాసుకోండి, ఛాయాచిత్రాలు తీయండి, అంగడివాని కష్టసుఖాలూ ఆ పుస్తకంలోనే చేర్చండి. మన ప్రాంతపు కట్టడాలమీద తెలుగు, కన్నడ శాసనాలున్నాయి, పారసీ శాసనాలూ ఉన్నాయి. పాత దస్తావేజులు కొన్ని తెలుగులో, కొన్ని ఉర్దూలో ఉన్నాయి. రెండు లిపులూ నేర్చుకొనే అవకాశం మన కళాశాలలో కలదు. ఒకరికి తెలిసిన లిపి మరొకరికి తెలియకపోతే ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆ ప్రతిని పురపాలక కార్యాలయానికి అందజేసే బాధ్యతను కళాశాల పాలకవర్గం స్వీకరించాలని మా మనవి.

రేపు కొలతల టేపు పట్టుకొని అధికారులు వీధిలోకి వచ్చిన దినాన ఆ జాబితా వారి బల్లమీద ఉండాలి. అప్పుడు మాత్రమే ఏది కూల్చాలో, ఏది నిలపాలో, ఎవరికి నీడ చూపాలో అనే చర్చ న్యాయంగా సాగుతుంది.